ఉక్కపోతలో మంచు: చిన్న విమానపు కార్బొరేటర్ సంరక్షణ

కార్బొరేటర్ పని గాలిలో పెట్రోలు కలపడం. బరువు లెక్కన దాదాపు 15 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు పడితే మంట సరిగ్గా అంటుకుంటుంది. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గులు మసిబారతాయి, తక్కువైతే సిలిండర్లు వేడెక్కి ఇంజను తడబడుతుంది. వరిచేలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయరుకైనా, కాలవ గట్టున నీళ్ళు తోడే కిరోసిన్ ఇంజనుకైనా, ఇద్దరు కూర్చునే శిక్షణ విమానానికైనా సూత్రం ఒకటే. గుడివాడ, అవనిగడ్డ, బందరు మెకానిక్ షాపుల్లో రోజూ వినిపించే ఫ్లోట్, నీడిల్, జెట్టు, చోకు అన్న మాటలే విమానాల హ్యాంగరులోనూ వినిపిస్తాయి. తేడా అంతా పొరపాటు జరిగినప్పుడే. స్ప్రేయరు ఆగిపోతే రైతు దాన్ని గట్టు మీద దించి ప్లగ్గు విప్పుకుంటాడు. గాలిలో ఇంజను ఆగితే పైలట్‌కి మిగిలేది అప్పటికి ఉన్న ఎత్తు, కింద కనిపించే నేల. దివిసీమ మీద ఆ నేలలో చాలా భాగం నీళ్ళే: చేపల చెరువులు, రొయ్యల గుంటలు, మడ అడవులు, కృష్ణ పాయలు. కార్బొరేటర్‌లోని చిన్న చిన్న భాగాలను చూపుకి బాగున్నా గడువు తీరగానే మార్చెయ్యాలన్న నియమానికి మూలం ఇక్కడే ఉంది.

అన్ని విమానాలకూ కార్బొరేటర్ ఉండదు. గన్నవరంలో దిగే ఏటీఆర్‌లవి, జెట్‌లవి టర్బైన్ ఇంజన్లు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వెళ్ళిన సీప్లేన్‌దీ టర్బైనే. కార్బొరేటర్ కనిపించేది పిస్టన్ ఇంజన్ల చిన్న విమానాల్లో. 1958లో తొలిసారి ఎగిరి, ఆ తర్వాత దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు ఎంతో కాలం సేవ చేసిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి పుష్పక్‌లో 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను ఉండేది. తెలుగు నేల మీద శిక్షణకు వాడిన సెస్నా 152లో లైకమింగ్ ఓ-235 ఇంజనుకు అడుగున ఒకే ఒక కార్బొరేటర్ వేలాడుతూ ఉంటుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కుర్రాళ్ళు ఎక్కే వైరస్ ఎస్‌డబ్ల్యూ-80 అనే తేలిక విమానంలో రోటాక్స్ 912 ఇంజనుకు బింగ్ కంపెనీ కార్బొరేటర్లు రెండు. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన హంస-3లోనూ రోటాక్స్ 914కి అలాంటివే రెండు ఉన్నాయి. 2021లో ఎగిరిన హంస-ఎన్‌జీకి వచ్చేసరికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మోటారు సైకిళ్ళదీ అదే దారి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలయ్యాక కొత్త బళ్ళలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. ఫ్లోటు ఎత్తు సర్దడం చేత్తో నేర్చుకునే అవకాశం కుర్ర మెకానిక్కులకు ఏటికేడు తగ్గిపోతోంది. పాత శిక్షణ విమానాలు ఇంకా ఎగురుతున్నంత కాలం ఈ నైపుణ్యం పోకూడదు.

ముందు లోపలి సంగతి. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఒక చిన్న జాలీ దాటి గిన్నెలోకి చేరుతుంది. గిన్నెలో ఫ్లోట్ తేలుతుంటుంది. మట్టం పెరిగితే ఫ్లోట్ లేచి నీడిల్‌ను సీటు మీదకు నొక్కుతుంది, ప్రవాహం ఆగుతుంది. మట్టం తగ్గితే నీడిల్ కిందికి జారి దారి వదులుతుంది. గిన్నె పైన గాలి వెళ్ళే గొట్టం మధ్యలో నడుం సన్నబడినట్టు ఒక ఇరుకు ఉంటుంది, దాన్ని వెంచురీ అంటారు. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ఆ తగ్గుదలే గిన్నెలోని పెట్రోలును జెట్టు ద్వారా పైకి లాగి తుంపరగా చిమ్మిస్తుంది. ఎంత గాలి పోవాలో నిర్ణయించేది బటర్‌ఫ్లై అనే రేకు. అది పైలట్ చేతిలోని థ్రాటిల్‌కు కట్టుబడి ఉంటుంది. సెస్నా లాంటి విమానానికి అదనంగా మిక్చర్ లీవరు ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి పైలట్ దానితో పెట్రోలును తగ్గించుకుంటాడు. ఇంజను ఆపేదీ ఆ లీవరుతోనే. థ్రాటిల్ ఒక్కసారిగా తోసినప్పుడు గాలి ముందు పరుగెత్తి పెట్రోలు వెనకబడకుండా యాక్సిలరేటర్ పంపు అనే చిన్న పంపు కొంచెం పెట్రోలు కొడుతుంది.

ఇక కోస్తా గాలికి ప్రత్యేకంగా సంబంధించిన విషయం మంచు. బందరులో, చెమట ఆరని ఉక్కపోతలో, ఇంజను లోపల మంచు గడ్డకడుతుందంటే నమ్మబుద్ధి కాదు. కాని మంచు కట్టడానికి చలికాలం అక్కర్లేదు, తేమ చాలు. కుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరిచినట్టే, వెంచురీలో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి వేడిని లాక్కుంటుంది. పీడనం తగ్గడం వల్ల వచ్చే చల్లదనం దీనికి తోడు. రెండూ కలిసి గాలి ఉష్ణోగ్రతను ఒక్క క్షణంలో 30 డిగ్రీలకు పైగా దించెయ్యగలవు. బయట 28 డిగ్రీలుంటే లోపల సున్నా కిందికి పోవచ్చు. గాలిలోని తేమ అక్కడే మంచై బటర్‌ఫ్లై అంచులకూ, వెంచురీ గోడలకూ పట్టుకుంటుంది. అమెరికా పౌర విమానయాన సంస్థ పాఠ్యగ్రంథం ప్రకారం ఈ ప్రమాదం 21 డిగ్రీల లోపు ఉష్ణోగ్రత, 80 శాతం పైన తేమ ఉన్నప్పుడు ఎక్కువ. అయితే 38 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో కూడా మంచు పట్టే వీలుందని అదే పుస్తకం హెచ్చరిస్తుంది. కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఏడాదిలో చాలా రోజులు ఈ హద్దుల లోపలే గడుస్తాయి. తెల్లవారుజామున గుడివాడ చేల మీద పొగమంచు, వాన వెలిసిన సాయంత్రాలు, సముద్రపు గాలి తిరిగిన మధ్యాహ్నాలు, అన్నీ అనుమానించాల్సిన వేళలే.

విమానాశ్రయాలు వెలువరించే వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత పక్కనే డ్యూ పాయింటు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, కూడా ఉంటుంది. 27, 25 అని ఆ రెండు అంకెలు దగ్గర దగ్గరగా కనిపిస్తే గాలి తేమతో నిండి ఉన్నట్టు. ఇంజను శక్తి తగ్గించి కిందికి దిగేటప్పుడు ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. థ్రాటిల్ మూసినప్పుడు బటర్‌ఫ్లై చుట్టూ మిగిలే సందు సన్నగా ఉంటుంది, కొద్దిపాటి మంచు కూడా దాన్ని మూసెయ్యగలదు. పైగా ఇంజను అప్పటికే నెమ్మదిగా తిరుగుతుంటుంది కాబట్టి తేడా చెవికి అందదు. రన్‌వే దగ్గరికొచ్చి థ్రాటిల్ తోసినప్పుడు శక్తి రాకపోతేనే సంగతి బయటపడుతుంది.

దీనికి మందు కార్బొరేటర్ హీట్. సైలెన్సరు గొట్టం చుట్టూ కట్టిన రేకు డొల్లలో వేడెక్కిన గాలిని, ఒక తలుపు తిప్పి కార్బొరేటర్‌లోకి మళ్ళిస్తారు. వేడి గాలి పలచన కాబట్టి ఇంజను వేగం కొంత పడుతుంది. మంచు ఉంటే అది కరిగి నీరై సిలిండర్లలోకి పోయేటప్పుడు ఇంజను ఇంకా గరగరలాడుతుంది. ఆ శబ్దానికి భయపడి కొత్త పైలట్ హీట్ తీసేస్తే మంచు అలాగే ఉండిపోతుంది. ఓపిక పడితే వేగం దానంతట అదే తిరిగి పుంజుకుంటుంది.

మెయింటెనెన్సు లెక్కన చూస్తే ఈ వేడి గాలి దారి కూడా కార్బొరేటర్‌లో భాగమే. దాన్ని పట్టించుకోకుండా కార్బొరేటర్ ఒక్కదాన్నీ మెరిపించి లాభం లేదు. డొల్ల నుంచి వచ్చే మెత్తని గొట్టం లోపలి పొర ఊడి దారికి అడ్డం పడుతుంది. తలుపు ఇరుసు అరిగి సగం తెరుచుకుంటుంది. లీవరు నుంచి వచ్చే తీగ సాగిపోయి, లీవరు చివరిదాకా లాగినా తలుపు కదలదు. ఎగిరే ముందు నేల మీద ఇంజను పరీక్షలో హీట్ లాగితే వేగం పడాలి. పడకపోతే వేడి గాలి అందడం లేదన్నమాట, ఆ విమానం ఎగరకూడదు. ఇక్కడి గాలికి తేమతో పాటు ఉప్పు కూడా ఉంది. తీరానికి దగ్గరగా నిలిపి ఉంచే విమానంలో ఈ ఇరుసులూ, తీగలూ, స్ప్రింగులూ లోపలి ఊళ్ళలోకన్నా తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి ఇక్కడ వాటిని ఇంకాస్త తరచుగా చూడడం మంచిది.

రోజువారీ పనుల్లో మొదటిది పెట్రోలు నమూనా. ఎగిరే ముందు ట్యాంకుల అడుగు నుంచీ, ఫిల్టరు గిన్నె నుంచీ కొంచెం పెట్రోలును గాజు గొట్టంలోకి దించి వెలుతురుకు ఎత్తి చూస్తారు. 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు నీలంగా ఉంటుంది. నీరు ఉంటే అది రంగు లేకుండా అడుగున బుడగలా నిలుస్తుంది. డెల్టాలో రాత్రి చల్లబడ్డప్పుడు సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు లోపల చెమ్మ పట్టి నీరవుతుంది, అందుకే ట్యాంకు నింపి నిలపడం అలవాటు. తప్పించుకుని వచ్చిన నీరు చివరికి కార్బొరేటర్ గిన్నెలో చేరి, అడుగున తెల్లటి పొడి తయారుచేస్తుంది. అల్యూమినియం తినేసుకుపోవడం వల్ల పుట్టిన పొడి అది. విప్పినప్పుడు ఆ పొడి కనిపిస్తే తుడిచి మూసెయ్యడం సగం పనే. నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి.

నీలం రంగు ఇంకో రకంగా కూడా సాయపడుతుంది. పెట్రోలు ఆరిపోయినా రంగు మిగిలిపోతుంది. కార్బొరేటర్ కింద, గాలి పెట్టె అంచున, గిన్నె అతుకు వెంట నీలి మరక ఉంటే అక్కడ కారుతోందని అర్థం. ఇంజను ఆపి మిక్చర్ మూశాక కూడా చుక్కలు పడుతుంటే నీడిల్ సీటు మీద కూర్చోవడం లేదు. బండి మెకానిక్ భాషలో ఓవర్‌ఫ్లో. కార్బొరేటర్ అడుగున ఉన్న సెస్నాలో అది నేల మీద పడుతుంది. రోటాక్స్‌లో కార్బొరేటర్లు వేడి సైలెన్సరు గొట్టాలకు పైన ఉంటాయి, అందుకే వాటి కింద చుక్కలు పట్టే పళ్ళేలు బిగిస్తారు. ఆ పళ్ళేల కాలువ మూసుకుపోయిందా లేదా అన్నది చిన్న తనిఖీలా కనిపిస్తుంది గాని, మంటకూ విమానానికీ మధ్య ఉన్నది అదే.

పెట్రోలు విషయంలో ఈమధ్య వచ్చిన మార్పు మెకానిక్కులకు కొత్త చిక్కు తెచ్చింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. రోటాక్స్ 912 తయారీదారు అనుమతించేది 10 శాతం వరకే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బర్లను ఉబ్బిస్తుంది, తేమ ఎక్కువైతే నీటితో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది. కాబట్టి బంకు పెట్రోలు చవక అన్న లెక్క విమానం దగ్గర పనికిరాదు. 100 ఎల్‌ఎల్ పూర్వం విదేశాల నుంచి రావాల్సి వచ్చేది. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ దాన్ని దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. అందులో సీసం ఉంటుంది. అది కార్బొరేటర్‌ను ఏమీ చెయ్యదు కాని ప్లగ్గుల్లోనూ ఆయిల్లోనూ పేరుకుంటుంది, అందుకని రోటాక్స్‌లో ఆయిలు త్వరగా మార్చాలి.

ప్రతి 100 గంటలకూ, లేదా ఏడాదికోసారీ చేసే తనిఖీలో కార్బొరేటర్‌ను ఇంజను మీదే ఉంచి చూస్తారు. పెట్రోలు వచ్చే చోట జాలీ విప్పి కడుగుతారు. గిన్నె కింది బిరడా తీసి అడుగున చేరిన చెత్తను దించుతారు. బటర్‌ఫ్లై ఇరుసును వేళ్ళతో పట్టి పక్కకు ఊపితే ఆట తెలుస్తుంది. బుష్షు అరిగితే ఆ సందులోంచి దొంగ గాలి పోతుంది, ఐడ్లింగ్ నిలబడదు. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ప్యాకింగ్ పగిలినా అదే లక్షణం. ఈ సంగతి చూడకుండా ఐడిల్ స్క్రూ తిప్పి సరిచెయ్యబోవడం రోడ్డు పక్కన చెల్లుతుంది గాని ఇక్కడ చెల్లదు. ఐడిల్ మిక్చర్ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా మిక్చర్ లీవరు మెల్లగా వెనక్కి లాగితే, ఆగిపోయే ముందు వేగం నిమిషానికి 25 నుంచి 50 చుట్లు పెరిగి అప్పుడు పడిపోవాలి. అంతకంటే ఎక్కువ పెరిగితే పెట్రోలు ఎక్కువ, అసలు పెరగకపోతే తక్కువ.

చాలా రోజులు ఎగరని విమానంలో జబ్బులు వేరు. గిన్నెలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, అది సన్నటి జెట్టును మూసేస్తుంది. పాత నమూనాల్లో యాక్సిలరేటర్ పంపుకు తోలు వాచరు ఉంటుంది. అది ఎండితే కుంచించుకుపోయి, థ్రాటిల్ తోసినప్పుడు పెట్రోలు కొట్టదు. వర్షాకాలమంతా హ్యాంగరులో ఉన్న విమానాన్ని బయటికి తీసినప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఇవే.

పూర్తిగా విప్పే పని ఇంజను ఓవర్‌హాల్‌తో పాటు వస్తుంది, లేదా జబ్బు ముదిరినప్పుడు. ఇందులో అన్నిటికన్నా జాగ్రత్త కోరేది ఫ్లోట్. మొదట్లో ఇత్తడి రేకుతో బోలుగా చేసేవారు. అతుకులో వెంట్రుకంత చీలిక వస్తే లోపలికి పెట్రోలు చేరి ఫ్లోట్ బరువెక్కుతుంది. ఆ తర్వాత నురగ పదార్థంతో చేసిన ఫ్లోట్లు వచ్చాయి. వాటిలో కొన్ని ఏళ్ళు గడిచేకొద్దీ పెట్రోలు పీల్చుకుని బరువెక్కాయి. బరువెక్కిన ఫ్లోట్ కిందికి దిగి కూర్చుంటుంది, నీడిల్ మూసుకోదు, పెట్రోలు పొంగుతుంది. విచిత్రమేమిటంటే చేతిలో పట్టుకుంటే మంచి ఫ్లోట్‌కూ చెడిన ఫ్లోట్‌కూ తేడా తెలియదు. రోటాక్స్ ఇంజనులో ఒక్కో కార్బొరేటర్‌కు రెండు ఫ్లోట్లు ఉంటాయి. ఆ రెండూ కలిపి 7 గ్రాములు దాటకూడదని తయారీదారు లెక్క. బంగారు కొట్టులో ఉండేలాంటి సున్నితమైన తూకం మీద పెట్టి, పైన తడి ఆరాక తూచి, అంకె రాసుకుంటారు. 7 దాటితే జత మొత్తం మార్చాలి. పోయినసారి ఎంత, ఈసారి ఎంత అన్న లెక్క పుస్తకంలో ఉంటే, పీల్చుకోవడం మొదలైందన్న సంగతి హద్దు దాటకముందే తెలుస్తుంది.

ఫ్లోట్ ఎత్తు ఇంకో కొలత. సెస్నాల్లో వాడే మార్వెల్-షెబ్లర్ కార్బొరేటర్ పైభాగాన్ని తలకిందులు చేసి పట్టుకుంటే, ఫ్లోట్ తన బరువుతో నీడిల్ మీద వాలుతుంది. అప్పుడు ప్యాకింగ్‌కూ ఫ్లోట్‌కూ మధ్య సందు 7/32 అంగుళం, అంటే సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు ఉండాలి. అంతే లావున్న డ్రిల్ బిట్టు కాడను ఆ సందులో జార్చి చూడడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకవైపు బిగుతుగా తగిలితే ఫ్లోట్ వంకరగా ఉన్నట్టే, తేలేటప్పుడు గిన్నె గోడకు రాసుకుంటుంది. నీడిల్ మొనను భూతద్దం కింద చూస్తే సీటు ఒరిపిడికి పడిన గీత ఉంగరంలా కనిపిస్తుంది. ఆ గీత గోటికి తగిలేంత లోతుగా ఉంటే నీడిల్, సీటు రెండూ మార్చాలి. ఒక్క నీడిల్ మార్చి పాత సీటు ఉంచితే కొత్తదీ త్వరలో అలాగే అరుగుతుంది.

జెట్టును తీగతో పొడవకూడదు. మెత్తని ఇత్తడిలో అతి సన్నటి రంధ్రం అది. తీగ గీకితే వెడల్పయి పెట్రోలు ఎక్కువ పోతుంది, కంటికి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టడమే పద్ధతి. వెంచురీ కూడా చూడాలి. కొన్ని మార్వెల్-షెబ్లర్ నమూనాల్లో రెండు ముక్కలుగా చేసిన వెంచురీ ఉండేది, అందులో ఒక ముక్క వదులై పెట్రోలు తుంపర చెడిపోయే ప్రమాదం బయటపడింది. అమెరికా అధికారులు 1998లో వాటిని తరచుగా తనిఖీ చేయాలని ఆదేశించారు.

రోటాక్స్‌లో గొడవ రబ్బరుతో. బింగ్ కార్బొరేటర్ లోపల పిస్టన్‌ను లేపేది పలచటి రబ్బరు డయాఫ్రమ్. సూదిమొనంత చిల్లు పడినా ఆ పిస్టన్ సరిగా లేవదు, ఆ వైపున్న రెండు సిలిండర్లు వెనకబడతాయి. దీపం ముందు సాగదీసి చూస్తే చిల్లు కనిపిస్తుంది. కార్బొరేటర్‌ను ఇంజనుకు పట్టి ఉంచే రబ్బరు సాకెట్ ఇంకా ముఖ్యం. అది ఊడితే కార్బొరేటరే చేతికొస్తుంది. పైన చిన్న పగుళ్ళు ఉన్నాయా అని వంచి చూస్తారు. పగుళ్ళు లేకపోయినా ఐదేళ్ళకు మార్చాల్సిందే. ఎగిరింది పది గంటలే కావచ్చు, రబ్బరు ముసలిదవడానికి ఎగరనక్కర్లేదు. ఇంకో విశేషం: బండిలో యాక్సిలేటర్ కేబులు తెగితే స్ప్రింగు థ్రాటిల్‌ను మూసేస్తుంది, రోటాక్స్‌లో తెగితే పూర్తిగా తెరుస్తుంది. రోడ్డు మీద ఆగడమే క్షేమం, గాలిలో శక్తి ఉండడమే క్షేమం. ఆ స్ప్రింగును బిగించేటప్పుడు బండి అలవాటు చేతిలో మెదలకూడదు. రెండు కార్బొరేటర్లూ సమానంగా లాగుతున్నాయో లేదో రెండు వాక్యూమ్ గేజీలు తగిలించి సరిచూస్తారు. తేడా ఉంటే ఇంజను వణుకుతుంది, ఆ వణుకు ముందున్న గేరుబాక్సును తినేస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు ప్యాకింగులు, లాక్ రేకులు అన్నీ కొత్తవే వాడాలి. మరల దగ్గర టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, దాని పీలిక ఒక్కటి జారి నీడిల్ కింద ఇరుక్కుంటే చాలు. సిలికాన్ పేస్టు పెట్రోలుకు మెత్తబడుతుంది. బోల్టులను టార్క్ రెంచితో చెప్పిన లెక్కకే బిగించి, ఊడకుండా లాక్ వైరు మెలిపెడతారు, మెలిక బోల్టును బిగించే వైపు లాగేలా ఉండాలి. అదే కొలతల రబ్బరు రింగు విజయవాడ ఆటోనగర్‌లో దొరకవచ్చు గాని, విడుదల పత్రం లేని భాగం విమానానికి పనికిరాదు. ఈ పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టేవారికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సు ఉండాలి.

చివరిగా పెట్రోలు వాల్వు తెరిచి, ఇంజను వేయకుండా కాసేపు వదిలి, అతుకుల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూస్తారు. తడి తగలకపోతే ఇంజను నడిపి, వేడెక్కాక ఐడిల్ వేగం, మిక్చర్ పెరుగుదల, కార్బొరేటర్ హీట్‌కు పడే తగ్గుదల, పూర్తి థ్రాటిల్‌లో చుట్లు కొలుస్తారు. ఆపాక ఇంజను మీది మూత (కౌలింగ్) విప్పి బోల్టులు, మరకలు మళ్ళీ చూస్తారు. మార్చిన భాగాల నంబర్లు, ఫ్లోట్ల బరువు, ఎన్ని గంటల దగ్గర మార్చారో లాగ్‌బుక్‌లో రాసి, విమానాన్ని ఎగరడానికి విడుదల చేస్తూ సంతకం పెడతారు.